వీధికళయు వీధి తీర్పును

‘వీధికళ’ యను మాట యీ పదునైదేండ్లుగా మన నగరములయందు మిక్కిలి వ్యాపించినది. గోడమీద పెద్దబొమ్మ వేసినచో వీధికళ. కూడలియందు నలుగురు యువకులు గిటారు పట్టుకొని పాడినచో వీధికళ. నాటకశాలను విడిచి చెట్టుక్రింద మాటలులేని నాటక మాడినచో నదియు వీధికళయే. వీనినన్నిటిని గలిపి ప్రయోగకళలని మెచ్చుకొనువారు కొందఱు. రంగు పూసిన గోడకును వెఱ్ఱికేకకును కళయను పేరు తగదని ముఖము త్రిప్పుకొనువారు మఱికొందఱు. మెచ్చినవారును మెచ్చనివారును గూడ నొక్క ప్రశ్నను మాత్రము విడిచిపెట్టుచున్నారు. వీధిలో నున్నంతమాత్రమున కళ వీధిది యగునా? రచ్చబండపై గూర్చున్న ప్రతివాడును ఊరిపెద్ద కానట్లే, వీధిని నిలిచిన ప్రతి బొమ్మయు, ప్రతి పాటయు వీధికళ కానేరదు. వీధిలో వెలసిన కళ వేఱు. వీధి తీర్పునకు లోబడిన కళ వేఱు. ఈ భేదమును గుర్తింపనంతకాలము మన మెచ్చుకోలును, మన యీసడింపును రెండును గుఱి తప్పినవే యగును.

తీర్పు అనగా నేమని పాఠకు లడుగవచ్చును. దీనికి సమాధానమును క్రొత్తగా కల్పింప బనిలేదు. నాట్యశాస్త్రమున భరతముని నాట్యమును అన్ని వర్ణములవారికిని జెందిన యైదవ వేదముగా బేర్కొనెను. అంతటితో నిలువక, ప్రదర్శనము ఫలించినదో లేదో యెఱుగుటకై ‘సిద్ధి’ని గూర్చి ప్రత్యేకముగా నొక యధ్యాయమునే చెప్పెను. ప్రేక్షకులు చిఱునవ్వు నవ్వుట, పకపక నవ్వుట, బాగుబాగనుట, అయ్యో యనుట, ఒడలు పులకరించుట, కూర్చున్నచోటినుండి లేచుట, పైబట్టలను ఉంగరములను రంగముపైకి విసరుట, ఇవి మానుషసిద్ధికి గుర్తులు. సభ నిండియుండి, చప్పుడుగాని కలతగాని లేక యెల్లరును లీనమై యుండుట దైవసిద్ధి. ఇందు మనము గమనింపవలసినది యొకటి కలదు. సిద్ధికి గుర్తు లన్నియు చూచువారియందే యున్నవి. పోషించిన ప్రభువు సంతోషించెనా యని శాస్త్ర మిచ్చట నడుగుటలేదు; ఆడినవాడు తృప్తి నొందెనా యనియు నడుగుటలేదు. లోకమునే ప్రమాణముగా జేసికొన్నది.

కావున వీధికళకు నేను పెట్టు గీటురాయి యిది: చూచువానికి కాదనుటకు వీలున్నదా? బదులు పలుకుటకు చోటున్నదా? ఈ రెండును గలచోట కళ యెంత మోటుదైనను వీధికళయే. ఈ రెండును లేనిచోట నది యెంత సొంపుగా నున్నను వీధిలో బెట్టిన యలంకారము మాత్రమే.

మొదట గోడబొమ్మలను జూతము. 2023 మార్చి 28, 29 తేదీలలో జీ-20 దేశముల ప్రతినిధులు నగరముల మౌలిక సదుపాయములను గూర్చి చర్చించుటకు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆ సందర్భమున నగరపు ప్రధానమార్గములను సింగారించిరి. గోడలకు బొమ్మలు వేయించిరి. అంతకు ముందును, తరువాతను గూడ నగరపాలకులు గోడలపై జిత్రములు వేయించుచునే యున్నారు. తాబేళ్లు, చేపలు, పడవలు, పచ్చనిచెట్లు, పారిశుద్ధ్యమును బోధించు వాక్యములు, థింసా నృత్యమాడు గిరిజనస్త్రీలు, ఇట్టి వా బొమ్మలు. చిత్రకారుల చేతివాటమును నేను దక్కువ చేయను. ఉమ్మియు, చెత్తయు, చినిగిన సినిమా కాగితములును నిండిన గోడకంటె రంగుల గోడ వేయిరెట్లు మేలు. ఆ పనివలన కొందఱు చిత్రకారులకు నాలుగునాళ్లు కూలి దొరకుటయు మేలే.

ఐనను విమర్శకుడు మెచ్చుకొని యూరకుండరాదు. అఱకులోయ ప్రాంతమున థింసా యాడునప్పుడు స్త్రీ లొకరి వీపువెనుక నొకరు చేతులు చేర్చి గొలుసుగా నిలుతురు. మోరి, కిరిడి, తుడుము, డప్పు మ్రోగుచుండగా నా గొలుసు చుట్టు తిరుగును. చూచుచు నిలిచినవా రింకొక చేయి కలుపుటకు దానియందు జోటుండును. అదియే దాని ప్రాణము. గోడమీది థింసాలో నా గొలుసు మూసికొనిపోయినది. చీరకట్టు సరిగా వచ్చినది, కొప్పులో పువ్వు సరిగా వచ్చినది; చేయి కలుపుటకు జోటు మాత్రము రాలేదు. ఆ బొమ్మ యెవరి కొఱకు వేయబడినది? కారులో బోవు అతిథి కొఱకు. అతడు దానిని నాలుగు నిమిషములైన జూడడు. ఆ గోడ ప్రక్కనే చేపలబుట్ట దింపుకొని సేదదీరు స్త్రీ దానిని దినమెల్ల జూచును; ఆమెను మాత్రము ‘ఏమి బొమ్మ వేయుద’మని యడిగినవారు లేరు. ఆమె నవ్విన నవ్వు, పెదవి విఱిచిన విఱుపు ఏ దస్త్రమునకును ఎక్కదు.

గోడయే తెరగా మాఱు సమయములును గలవు. అదే సంవత్సరము సెప్టెంబరులో ఢిల్లీయందు జీ-20 మహాసభ జరిగినప్పుడు కొన్ని పేదల బస్తీలకు ముందు పచ్చని గుడ్డలు గట్టి కప్పిరి. గుడ్డ కట్టుటకును బొమ్మ వేయుటకును మిగుల భేద మున్నదని మనము చెప్పుకొందుము. భేద మున్నమాట నిజమే; కాని గోడవెనుకనున్న వారిని మఱపించుటకే బొమ్మ వేసినచో నా భేదము రంగులది మాత్రమే. అందమైన తెరయు తెరయే.

హైదరాబాదులో నింతకంటె మెఱుగైన ప్రయత్న మొకటి జరిగినది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు రాజభవనమునకును నెక్లెస్ రోడ్డునకును నడుమనున్న యం.యస్. మక్తా యను బస్తీయందు ఇండ్ల గోడలపై పెద్దపెద్ద చిత్రములు వేయించిరి. అంతకు ముందు వీరు ఢిల్లీలోని లోధీ కాలనీలో నిట్టి పనియే చేసియుండిరి. మక్తాలో మెచ్చదగిన దేమన, బొమ్మలు రాజమార్గమును విడిచి మనుష్యులు కాపురముండు సందులలోనికి బోయినవి. బట్టలారవేయు త్రాడు, నీళ్ల బిందెలు, ఆడుకొను పిల్లలు, వీని నడుమ చిత్రము నిలిచినది. గోడ యజమాని కనులయెదుటనే చిత్రకారుడు నిచ్చెన యెక్కినాడు. అట్టిచోట ‘ఇది యేమి బొమ్మ? మా యమ్మ బొమ్మ వేయరాదా?’ యని పిల్లవాడు అడుగుట కవకాశమున్నది. అవకాశమున్నచోట వీధికళకు మొలక పుట్టినట్లే.

ఐనను మొలక చెట్టు కాలేదనియే చెప్పవలసియున్నది. ఉత్సవము ముగిసినపిమ్మట చిత్రకారులు వెడలిపోదురు. ఛాయాచిత్రములు తీసికొనువారు వత్తురు. రంగు వెలసినప్పుడు మరల పూయవలసినది యెవరు? బస్తీలో నొక బాలునకు కుంచె పట్టు నేర్పినదెవరు? ‘ఈ బొమ్మ మాకు వలదు, మఱియొకటి వేయు’మని చెప్పు హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకువఱకు గోడలు వారివి, చిత్రములు మఱొకరివి యైయుండును. ప్రభుత్వమో, సంస్థయో ధనమిచ్చుటయే దోషమని నా యభిప్రాయము కాదు. మెక్సికోలో 1920 ప్రాంతమున దియెగో రివేరా మొదలగువారు ప్రభుత్వపు గోడలపైననే, ప్రభుత్వపు సొమ్ముతోడనే చిత్రించిరి. వానిని జూచి జనులు మెచ్చిరి, తిట్టిరి, వాదించుకొనిరి. న్యూయార్కులో 1970 ప్రాంతమున పేదపిల్లలు రైలుపెట్టెలమీద తమ పేళ్లను వంకరటింకరగా వ్రాయుచు వచ్చిరి; వారికి సొమ్మిచ్చినవారు లేరు సరికదా, పట్టుకొని శిక్షించిరి. మొదటిది అనుమతి గలది, రెండవది లేనిది. ఐనను రెండింటియందును జనుల మాటకు సందు గలదు. కావున అనుమతి యున్నదా లేదా యనునది గీటురాయి కాదు. తగవులాడుటకు దావున్నదా యనునదే గీటురాయి.

నగరములను విడిచి చిన్నపట్టణములకు వచ్చినచో గోడబొమ్మలకంటె ఫ్లెక్సీల రాజ్యమే పెద్దది. మన వీధులయందు నేడు అన్నింటికంటె నెక్కువగా గనబడు చిత్రకళ యిదియే. పుట్టినదినమునకు ఫ్లెక్సీ, పదవికి ఫ్లెక్సీ, పరీక్షలో మార్కులకు ఫ్లెక్సీ, మరణమునకు ఫ్లెక్సీ. ఇవి రాకముందు ప్రతి పట్టణమునను ఇద్దఱు ముగ్గురు బోర్డులు వ్రాయు చిత్రకారు లుండెడివారు. కొట్టుపేరు వ్రాసినను, సినిమాతార ముఖము వేసినను, గుండ్రని తెలుగక్షరమునకు వారు తీర్చిన యొంపు ఊరికంతకును గుర్తుండెడిది. గణనయంత్రము వచ్చి వారి కుంచెను దింపించినది. 2022 ఆగస్టు 26న ప్లాస్టిక్ ఫ్లెక్సీలను రాష్ట్రమునందు నిషేధించుచున్నామని నాటి ముఖ్యమంత్రి విశాఖపట్టణముననే ప్రకటించిరి. ఆ మాట నిలిచిన తీరును ప్రతి కూడలియు జెప్పుచునే యున్నది. ఫ్లెక్సీలో తప్పేమనగా, అది వీధిని ఆక్రమించును గాని వీధితో మాటాడదు. దానిని జూచి ‘శభాష్’ అనువాడు లేడు, ‘ఛీ’ యనువాడును లేడు; తలవంచుకొని పోవువారే యందఱును. ఇట్లు తలవంచుట యలవాటైన వీధికి గోడబొమ్మను జూచి తీర్పు చెప్పు నేర్పు ఎక్కడనుండి వచ్చును?

ఇక పాట. ఇందు మన ఉత్తరాంధ్రము తల యెత్తుకొని చెప్పుకొనదగిన చరిత్ర గలది. పార్వతీపురము చెంత పెదబొండపల్లిలో 1943లో పుట్టి 2020 ఆగస్టు 4న మరణించిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేసినవాడు. యంత్రము నడచు తీరును గూర్చి యాయన కట్టిన పాట కర్మాగారము లోపలి చప్పుడును, పల్లెపదము నడకను కలిపి కుట్టినది. 1972లో గద్దరు మొదలగువారితో గలిసి జననాట్యమండలిని నెలకొల్పెను. తూర్పుభాగవతపు బాణీని దీసికొని, సత్యభామ విరహమును చెప్పు నోటితోనే రైతు భూమి గోడును చెప్పించి, ‘భూమి భాగోతము’ను వ్రాసెను. ప్రయోగమనగా నిది. ఊరికి తెలిసిన పాత్రలో తెలియని క్రొత్తకూడు వడ్డించుట. పాత్ర తెలిసినది కావున జనులు దగ్గఱకు వత్తురు. కూడు క్రొత్తది కావున రుచిని గూర్చి మాటాడుకొందురు.

దీనికి ముందు నడచిన దారియు గలదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథను ఊరూరికి గొనిపోయినది. షేక్ నాజరు దానికి క్రొత్తవాడిని దెచ్చెను. బుఱ్ఱకథ కట్టుబాటును బరిశీలింపుడు. నడుమ కథకుడు, ఇరుప్రక్కల నిద్దఱు వంతలు. వారిలో హాస్యపువంత నవ్వించును, కొంటెప్రశ్న వేయును. రాజకీయపువంత కథను నేటికాలపు సంగతులకు ముడివేయును. కథకుడు ఆవేశమున ఆకాశమున కెగిరినప్పుడెల్ల హాస్యపువంత వాని పంచెకొంగు పట్టి నేలకు దింపును. వీధిలో నిలిచినవాని మనస్సున బుట్టు సందేహమును రంగముపైననే యొకడు పలుకుట యనునది యెంత గొప్ప యేర్పాటు! బ్రెజిల్ దేశీయుడైన అగస్టో బోల్ 1970 ప్రాంతమున ప్రేక్షకుడు నాటకమును ఆపి తానే రంగమెక్కి కథను మార్చు పద్ధతిని గల్పించెను. లోకము దానిని మహాప్రయోగమని కొనియాడినది, తగును. మన హాస్యపువంత యంతదూరము పోలేదు. వాడు ప్రేక్షకుని ప్రతినిధియే గాని ప్రేక్షకుడు కాడు. ఐనను బీజమొక్కటే: కథకునకు ఎదురుమాట యుండవలె నన్నది.

ఈ పాటల కూటములను బొగడునప్పుడు లోపమునుగూడ జెప్పవలెను. గద్దరు గొంగడి భుజముపై వేసికొని, చేతికఱ్ఱతో గొంతెత్తినప్పుడు వేలజనులు పులకించిరి. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు ఆ పాటలను పాడినవారిలో ఆయన రాజకీయము నొప్పనివారును బెక్కుమంది. మానుషసిద్ధి కంటె వేఱు నిదర్శన మేల? కాని కాలక్రమమున నట్టి పాటలు పెక్కింటియందు ప్రశ్నయు, సమాధానమును సభకు ముందే నిర్ణయమగుచు వచ్చినవి. వంత పలుకు ఎదురుమాట యెదురుమాటగా మిగులక, ఔనౌనను పలుకుగా మాఱినది. రాజుగారి సభలో తలయూపుటకును, పార్టీ సభలో చప్పట్లు కొట్టుటకును భేదమేమి? వీధి వినుచున్నది గాని చెప్పుట మానినది. పాట యెంత న్యాయమైనదైనను, వినువాడు కాదనుటకు వీలులేనప్పుడు అది వీధికళగా నొకమెట్టు దిగినదే.

తీర్పును గూర్చి మాటాడునప్పుడు దౌర్జన్యమును వేఱుపఱచి చూడవలెను. 1989 జనవరి 1న ఢిల్లీ చెంత సాహిబాబాదులో వీధినాటక మాడుచుండగా సఫ్దర్ హష్మీ బృందముపై దాడి జరిగెను; మఱునాడాయన మరణించెను. అది వీధి తీర్పు కాదు. తీర్పు చెప్పనీయక వీధి నోరు నొక్కుట. ఆంగ్లప్రభుత్వము 1876లో నాటకప్రదర్శనముల నడచుటకు జేసిన చట్టము స్వతంత్రభారతమున గూడ డెబ్బదియేండ్లు శాసనగ్రంథమున నిలిచియుండి 2018లో రద్దైనది. చట్టము పోయినను భయము పోలేదు. కఱ్ఱ పట్టుకొని వచ్చినవానికిని, పెదవి విఱిచి లేచిపోయినవానికిని గల భేదమును రక్షించుటయే ప్రభుత్వధర్మము. రెండవవాడు కళకు గురువు, మొదటివాడు శత్రువు.

నగరములలో నేడు ప్రయోగనాటకములు, క్రొత్తసంగీతము, కవిత్వపు గోష్ఠులు జరుగు చోట్లు కొన్ని యేర్పడినవి. హైదరాబాదు బంజారాహిల్సులో 2010లో తెఱచిన ‘లామకాన్’ వానిలో నొకటి. ఒక యింటి పెరటిని ఎల్లరకును దెఱచి, చాయ ద్రాగుచు గూర్చుండి నాటకమునో, పాటనో, చర్చనో వినునట్లు చేయుట సామాన్యమైన మేలు కాదు. మహాభవనములలో ముందువరుస కుర్చీలను అధికారులకు గేటాయించు మన సభలకంటె నిట్టి పెరడు నాగరికతయందు మిన్న. ఐనను పెరటిలోనికి వచ్చువారు వత్తుమని నిశ్చయించుకొని వచ్చినవారు. వీధియందు అట్లు కాదు: పాలకేనుతో బోవువాడు, మందులకై పరుగెత్తువాడు, పనిలేక నిలిచినవాడు, వీరిని ఆపగలిగిన నాడే కళకు బలపరీక్ష. మన ప్రయోగనాటకకారులలో బెక్కుమంది యీ పరీక్షకు వెఱచి, తమవలె చదివికొన్న ముప్పదిమంది చప్పట్లతో దృప్తినొందుచున్నారు. ‘జనులకు మా కళ యర్థముకాదు’ అని వారనుట తఱచుగా విందుము. అర్థముకాకుండుట తప్పు కాదు. అర్థమైనదో లేదో కనుగొనుటకు జనులయొద్దకు బోకుండుటయే తప్పు.

వెనుకటి మహాప్రయోగములు ఇట్లు పుట్టలేదు. ఆదిభట్ల నారాయణదాసు సంగీతము, సాహిత్యము, నృత్యము, అభినయము నొక్కమనిషియందే నిలిపి, కాలిగజ్జెలతో వేలజనుల యెదుట నిలిచెను. పండితుడు శ్లేషకు దల యూపగా, పామరుడు పిట్టకథకు నవ్వెను. నేటి యనకాపల్లి జిల్లాలోని రాయవరమున బుట్టిన గురజాడ అప్పారావు, వీధిలో వినబడు మాటను రంగమున కెక్కించి 1892లో ‘కన్యాశుల్కము’ను విజయనగరమున నాడించెను, పల్లెపాట నడకను జెవినిడుకొనియే ముత్యాలసరమును దీర్చెను. అప్పటికి వాడుకభాషలో నాటకము వ్రాయుటకంటె గొప్ప సాహసము వేఱొకటి లేదు. ఆయన సాహసము జనులకు దూరముగా బోవుట కాదు, చేరువగా బోవుట. గిడుగు రామమూర్తి భాషకొఱకు బోరాడి చెప్పినదియు నిదియే: పలుకుబడికి ప్రమాణము పలుకువారియందున్నది. కళకు మాత్ర మీ న్యాయ మేల వర్తింపదు?

ఇప్పుడు మా ప్రాంతమునకు వత్తును. 2022 ఏప్రిల్ 4 వఱకు విశాఖపట్టణపు జిల్లాలో నుండి, నాటినుండి యనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరుని యాలయమునకును, చెంతనున్న గోవాడ చక్కెర కర్మాగారమునకును పేరొందినది. ఈ చుట్టుప్రక్కల తీర్థములయందును, అమ్మవారి పండుగలయందును తప్పెటగుళ్లు, తూర్పుభాగవతము, జముకులకథ, కోలాటము తరతరములుగా నడచినవి. తప్పెటగుళ్లలో పదునైదిరువదిమంది ఱొమ్మున ఱేకుతప్పెటలు గట్టుకొని, కాళ్లకు గజ్జెలు దాల్చి, పాడుచు, ఎగురుచు, ఒకరి భుజములపై నొకరెక్కి గోపురముగా నిలుతురు. చుట్టు త్రాడు లేదు, ఎత్తుగద్దె లేదు. అడుగు తప్పినచో వెనుకనున్న ముసలివాడు ‘ఏటిరా ఆ గంతు!’ అని గసరును. మెచ్చినవాడు చదివింపు ఇచ్చి తన పేరు పిలిపించుకొనును. భరతుడు చెప్పిన పైబట్టలు, ఉంగరములు మా తీర్థములో పదిరూపాయల కాగితములైనవి, అంతియే భేదము. ఈ మండలమున వీధి తీర్పునకు లోబడిన కళ యేదని యెవరైన నడిగినచో నేనీ యాటలనే చూపుదును.

ఈ యాటల చోటును నేడు డీజే యాక్రమించినది. లారీపై నిల్చిన పెట్టెలనుండి వెలువడు మ్రోత యింటి కిటికీలను వడకించును. ఎదుటివాని మాట వినబడదు. ఎదురుమాట వినబడనీయని సంగీతము తీర్పునకు లోబడుట యెట్లు? శబ్దకాలుష్యమును గూర్చిన 2000 సంవత్సరపు నియమములు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ధ్వనివర్ధకములను అదుపులో నుంచుచున్నవి. నియమము మంచిదే. కాని దానివలన రాత్రియెల్ల నాడవలసిన భాగవతము పదిగంటలకు గజ్జెలు విప్పుచున్నది. పట్టపగలు సాగు డీజే మాత్రము ఆగుటలేదు. తగిన యధికారి యనుమతితో నేడాదికి కొన్ని దినములు అర్ధరాత్రివఱకు సడలింపు పొందు వీలు ఆ నియమములయందే కలదు. ఉత్సవసంఘములవారు దానిని భాగవతమునకై యడుగవచ్చును.

ఐనను డీజేను మాత్రమే నిందించి చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. ఈ కళలు క్షీణించుటకు లోతైన కారణ మొకటి కలదు. దానిని చెప్పుటకు మన విద్వాంసులు వెనుకాడుచున్నారు. తప్పెటగుళ్లు గొల్లలవి, డప్పు మాలమాదిగలది యని కళను పుట్టుకకు ముడివేసి, ఆ పుట్టుకను హీనముగా జూచినవారమే మనము. డప్పు వాయించుట అనేక గ్రామములలో కళగా గాక వెట్టిగా నడచినది: చావునకు వాయించవలెను, చాటింపునకు వాయించవలెను, కాదనరాదు. అట్టి డప్పును ‘ఇక పట్టము’ అని దళితయువకులు పలుచోట్ల క్రింద బెట్టిరి. వారు చేసినది నూటికి నూఱుపాళ్లు ఒప్పు. చూచువానికి కాదను హక్కు ఉండవలెనని యింతసేపు వాదించితిని. ఆడువానికి కాదను హక్కు అంతకంటె ముందుండవలెను. వాయించకున్న దండన గలచోట ఎంత లయ పలికినను అది కళ కాదు, కట్టుబాటు. ‘అయ్యో, మన జానపదకళలు నశించుచున్నవి’ అని కన్నీరు గార్చు పెద్దలు, ఆటగాండ్రకు భోజనము తమ పంక్తియందు బెట్టిరా యని తమ్ముదా మడుగవలెను. వేదికపై శాలువ కప్పి, వెనుక ఆకు వేఱుగా వేయు గౌరవము గౌరవము కాదు. డప్పును గోడమీద చిత్రించి, పాటలో పొగడి, వాయించువానిని వాకిట నిలుపు నాగరికత యే రంగుతో గప్పినను కప్పుపడదు.

చేయదగినదేమి? గోడకు బొమ్మ వేయింపబూనిన పురపాలకులు, కుంచె ముంచుటకు ముందు ఆ వీధివారిని గూర్చుండబెట్టి యడుగుదురుగాక. బొమ్మక్రింద చిత్రకారుని పేరు వ్రాయింతురుగాక; ఏడాదికొకసారి ‘ఇది యుండవలెనా, మార్పవలెనా’ యని యదే వీధివారి నడుగుదురుగాక. ఉత్సవసంఘములవారు డీజేకిచ్చు సొమ్ములో సగమైన ఆటగాండ్ర జట్టునకు, ముందుగా నొప్పుకొన్న కూలిగా, ఈనాము పేరుతో గాక జీతము పేరుతో ఇత్తురుగాక. పాఠశాలల వార్షికోత్సవములయందు సినిమాపాటకు బిల్లలచేత గంతులు వేయించుటకు బదులు, తప్పెటగుళ్ల గురువును తగిన వేతనముతో బిలిపించి, కులభేదములేక, ఆడుపిల్లలకు గూడ నేర్పింపవలెను. ఒక కులమువాడే వాయించవలెనన్న నియమము, ఎల్లరును నేర్చిననాడే తెగును. గొల్లవాని తప్పెటను బ్రాహ్మణబాలిక ఱొమ్మున గట్టుకొన్ననాడు, ఆ వాద్యము కులముద్రను విడిచి కళగా నిలుచును. ఇది యంత సులభము కాదని నే నెఱుగుదును. తల్లిదండ్రులు తగవునకు వత్తురు. రానిండు. పాఠశాలలో జరుగదగిన మంచి తగవులలో నదియొకటి.

నగరములందలి యువకళాకారులకును ఒక్కమాట. మీ గోడచిత్రములు, మీ క్రొత్తపాటలు, మీ మాటలేని నాటకములు, వీనిని మేము వలదనము. మీరు చేయు సాహసము మాకు గావలెను. కాని మీ ప్రయోగమును ఒక్కసారి మా సంతకు దెండు. కూరగాయల గంపల నడుమ ఆడుడు. చూచువారు నవ్విన నవ్వుడు. లేచిపోయినచో ఏల లేచిపోయిరో వెంబడించి యడుగుడు. ఆట ముగిసినపిమ్మట బండి యెక్కక, అరగంటసేపు అరుగుపై గూర్చుండుడు. మీకు ముప్పది సభలు నేర్పనిది ఆ యరగంట నేర్పును. మా ముసలి తప్పెటగానికి మీ గిటారు వింతగా దోచును, మీకు వాని యడుగు వింతగా దోచును. ఆ రెండు వింతలు కలిసినచోట నింకొక గురజాడ, ఇంకొక వంగపండు పుట్టవచ్చును.

వీధి యనునది రెండు గోడల నడిమి ఖాళీచోటు కాదు. తెలియనివా రొకరి నొకరు జూచుకొని, నచ్చినదానిని నచ్చినదనియు, నచ్చనిదానిని నచ్చలేదనియు నిర్భయముగా జెప్పుకొనదగిన మన కొకే యొక సభ. ఆ సభకు ద్వారపాలకులు లేరు, టిక్కెట్టు లేదు, కులము అడుగరాదు. దానిని రంగులతో నలంకరించుట చిన్నపని. దాని నోరు దానికిచ్చుట పెద్దపని. మన కళాకారులును, పాలకులును, ఉపాధ్యాయులును ఈ పెద్దపనికి బూనుకొన్ననాడు వీధికళ మనదగును. అంతవఱకు గోడలు మాత్రమే రంగులు మార్చుచుండును.